ఇరవై రెండో రేవు

కాజ్‌వే మునిగి ఇవాళ్టికి మూడో రోజు.
కరెంటు నిన్న సాయంత్రమే పోయింది.
మేడమీద, నీళ్ళ ట్యాంకు పక్కన,
ఒక్క గీత సిగ్నల్ దొరికే చోట
గొడుగు కింద కూర్చున్నాను.
ఒళ్ళో పాత ల్యాప్‌టాప్, బ్యాటరీ నలభై ఒకటి.

అంబాజీపేట నుంచి పెచ్చెట్టి భాస్కరమ్మ గారు
పొద్దున్నించీ నాలుగుసార్లు అడిగారు,
"పీచు బేళ్ళ సంగతి ఏలూరు వాళ్ళు రాశారా, లేదా?"
బ్రౌజర్ తెరిస్తే
గానుగెద్దులా ఆ గుండ్రం తిరుగుతుందే గాని
చుక్క నూనె దిగదు.

సరే, కాలిబాటన పోదాం అనుకున్నాను.
బొమ్మల్లేవు, బొత్తాల్లేవు. నల్లటి తెర, ఒక్క వరస.
ఏదో చలిదేశంలో అద్దెకుంటోంది మా సంఘం సర్వరు.
దాని ఇరవై రెండో రేవు వైపు తిరిగి
పోశియ్యని పిలిచినట్టు కేకేశాను.
కేక అవతలి గట్టుకి చేరాలి,
అతను చుట్ట ఆర్పాలి, గెడ అందుకోవాలి.
అంతసేపూ కర్సర్ రెప్పలారుస్తూ కూర్చుంది.

జవాబొచ్చింది. పడవ కాదు, హెచ్చరిక.
నువ్వెరిగిన యంత్రం కాదిది,
దీని వేలిముద్ర మారింది, అని.

మారితే మారొచ్చు.
మా లంక పేరు పాతదే, మట్టి కొత్తది.
తూర్పున కోసుకుంటుంది, పడమట పోసుకుంటుంది,
సర్వే రాళ్ళు ఏటి మధ్యలో ఉన్నాయి.
అయినా చీకట్లో కాలు పెట్టేముందు
గెడ పట్టుకున్నది ఎవరో అడగాలి కదా.

కాకినాడలో ఓలేటి శిరోమణికి ఫోన్ చేశాను.
ఆ సర్వరుని సాకేది ఆవిడే.
"ఆయ్, మొన్న రాత్రి డిస్కు చచ్చిందండి.
కొత్త పెట్టెలోకి ఎక్కించాను, చెప్పడం మర్చిపోయాను.
మీకేం కనపడుతోందో చదవండి, నా కాయితంతో చూస్తాను."
పెద్ద క్యూ. చిన్న ఎన్. ఏడు. ప్లస్సు. పెద్ద జెడ్.
"బీ యా, డీ యా?"
బీ. బొండాం బీ.
ఆవిడ రేకుల మీద వాన, నా గొడుగు మీద వాన.
పంతొమ్మిదో దగ్గర గొంతు తెగింది, మళ్ళీ మొదట్నించి.
మొత్తం నలభై మూడు అక్షరాలు.
భద్రాచలంలో మొదటి హెచ్చరికా అన్ని అడుగులకే.
"అదేనండి. మనదే. దిగండి."

పాత ముద్ర చెరిపి, మళ్ళీ కేకేసి,
యస్ అని మూడక్షరాలూ కొట్టాను.
ఒక్క వై చాలదంటుంది అది.

తాళం అక్కడుంది, చెవి నా దగ్గరుంది.
తాళానికో చెవి ఉంటుందని ఎవరనుకున్నారో గాని
ఇలాంటి రాత్రే అనుకుని ఉంటారు.
రహస్యపదం కొడుతుంటే తెరమీద చుక్కయినా పడదు.
సంతలో మా నూకరత్నం అటు తిరిగి
బొడ్డుసంచి విప్పుకున్నట్టు.

రెండొందల పద్నాలుగు ఉత్తరాలు, బారుగా.
రంగుల్లేకుండా, తడిసిన కోళ్ళలా.
ముప్ఫై ఏడోది ఏలూరు వాళ్ళది:
"రేపు మధ్యాహ్నంలోగా ఔనంటే తీసుకుంటాం."
ఆ రేపు మొన్నే అయిపోయింది.

అయినా రాశాను.
"వరదలో ఉన్నాం. బేళ్ళు అటకెక్కించాం, తడవలేదు.
మీకింకా కావా"

అక్కడ ఆగింది.
వేళ్ళు కొడుతూనే ఉన్నాయి,
అక్షరాలు ఏ నీళ్ళలో పడ్డాయో.
బ్యాటరీ తొమ్మిది. మూత వేసేశాను.

తెల్లారి పోశియ్య పాలపేకెట్ల పడవలో
ఎవరిదో చార్జరు పెట్టె కూడా తెచ్చాడు.
చుట్టూ పద్దెనిమిది ఫోన్లు, నా వంతు పదింటికి.

లోపలికి వెళ్ళగానే ముందు స్క్రీన్ అని కొట్టాలి,
ఆ తర్వాతే ఏ పనైనా, అని
ఎప్పుడో విసుక్కుంటూ నేర్పింది శిరోమణి:
మన చేతిలో తాడు తెగినా
పడవ అవతలి గుంజకి కట్టే ఉంటుందండి.

మళ్ళీ కేకేశాను.
రాత్రి మీద రాత్రి పోయినా
నా వాక్యం అక్కడే నిలబడి ఉంది.
కావా దగ్గర కర్సర్ ఇంకా రెప్పలారుస్తోంది.

లంటే, అని కలిపాను.